పొగ ఎవరి పేరు మీద రాస్తరు?

గోదావరిఖని చౌరస్తాకు కొంచెం ఇవతల, రోడ్డు వారన గోనెపట్టా పరుచుకుని కూరగాయలమ్మే సారవ్వ తూకాన్ని ఎవరూ రెండోసారి చూసేవారు కాదు. తరాజు ముల్లు మధ్యలో నిలబడ్డాక కూడా ఒక వంకాయ పైన వేసే మనిషి. పక్కన ఆకుకూరలమ్మే పోశవ్వ "గిట్ల పంచిపెడితె ఇంక అమ్ముడేందుకు సారక్కా" అని దెప్పేది. సారవ్వ నవ్వి ఊరుకునేది. తూకం సరిగ్గా ఉంటే కడుపులో నిమ్మళంగా ఉంటుందని ఆమె నమ్మకం. అలాంటిది, యాభై ఏళ్లకు దగ్గర పడ్డాక, ఆ తూకం దగ్గరే ఆమె బుర్ర తిరిగిపోయింది.

ఆమెది మంథని వైపు ఒక చిన్న ఊరు. పత్తికట్టె, కందికట్టె పొయ్యిలో పెట్టి వండటం తెలిసిన పిల్ల పదహారో ఏట కొమురెల్లిని చేసుకుని ఖనికి వచ్చింది. కొమురెల్లి బొగ్గు బాయిలో ఫిల్లరు. పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులు షిఫ్టుకు ఇన్నని లెక్క, తట్టతో బొగ్గు మోసి వాటిని నింపాలి. కంపెనీ ఇచ్చిన క్వార్టరు రెండు గదులు, ముందర రేకుల పంచ. ఇంటి వాడకానికి బొగ్గు కూడా కంపెనీదే. కట్టె అంటుకున్నట్టు బొగ్గు అంటుకోదని సారవ్వకు మొదటి రోజే తెలిసొచ్చింది. ఇనుప బకెట్‌కు కింద కంత కోసి, లోపల మట్టి మెత్తిన పొయ్యి అది. దాన్ని వాకిట్లో పెట్టి, కింద చితుకులు ముట్టించి, చిక్కటి పొగంతా పోయి నిప్పు కణకణలాడేదాకా విసురుతూ కూర్చోవాలి. అప్పుడు గాని ఇంట్లోకి మోసుకుపోవడానికి లేదు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి వందల బకెట్లు ఒకేసారి రాజుకునేవి. ఎదురింటి గుమ్మం కనపడేది కాదు. ఆ పొగలోనే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది, పెళ్లిళ్లు చేసి పంపింది. ఆ తర్వాత ఆయాసం పట్టుకుంది.

దవాఖానలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. "ఆ బొగ్గుల పొయ్యి బందు పెట్టకపోతే మళ్లీ నా దగ్గరికి రాకమ్మా" అన్నాడు.

కొమురెల్లి మరుసటి వారమే హీటరు తెచ్చాడు. మట్టిపలక, దాని గాడిలో చుట్టలు చుట్టలుగా తీగ. క్వార్టర్ల కరెంటుకు మీటరు లేదు, బిల్లు లేదు. ప్లగ్గులో తీగలు దోపితే చాలు, ఎర్రబడుతుంది. పొగ లేదు, మసి లేదు, తీసిపారబోయడానికి బూడిద లేదు. సారవ్వ మొదటి రోజు దాని మీద పాలు పొంగించి దండం పెట్టుకుంది. లైనులో అందరిలాగే ఆమె కూడా కొన్నాళ్లకు దాన్ని ఆర్పడం మానేసింది. తెల్లారి చాయ్‌తో మొదలైతే పడుకోబోయేదాకా ఎర్రగానే ఉండేది. పైన వండేది ఏమీ లేకపోతే ఒక నీళ్లగిన్నె. బొగ్గు ఇవ్వడం ఆపి కంపెనీ గ్యాసు ఇప్పించినప్పుడు బండా, స్టవ్వూ కూడా ఇంటికొచ్చాయి. బండ పేలుతుందన్న భయం కొంత, హీటరుండగా దాంతో ఏం పనన్న ధీమా కొంత. పాత చీర కప్పి మూలన పెట్టింది. ఆయాసం మాత్రం నిజంగానే తగ్గింది.

రెండు వేల పది చలికాలంలో ఒకనాడు సంధ్యారాణి వచ్చింది. అదే కాలనీలో ఏడో లైనులో ఉండే జైపాల్ బిడ్డ. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. చేతిలో అట్ట, దాని మీద అచ్చు కాయితాలు.

"ఏం సర్వే బిడ్డా? రేషన్ కార్డుల పేర్లు గిట్ల తీసేస్తరా?" అంది సారవ్వ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అదేం లేదు చిన్నమ్మా. ఇంట్ల దేంతోని వండుతున్నరు, కరెంటు ఎంత కాలుతున్నది, దాంతోని ఎంత చెడుగాలి పైకి పోతున్నది, అది రాసుకుంటున్న. భూమి వేడెక్కుతున్నదని అంటున్నరు గద, దాని గురించి."

"ఖనిల ఎప్పుడు చల్లగున్నది బిడ్డా కొత్తగ వేడెక్కనీకి?"

సంధ్యారాణి నవ్వింది. కాలేజీ నుంచి తెచ్చిన చిన్న మీటరును హీటరు ప్లగ్గుకు తగిలించి వెళ్లింది. మరునాడు అదే వేళకు వచ్చి అంకె చూసి రాసుకుంది. ఇంకో వారానికి కాయితంతో వచ్చి పంచలో కూర్చుంది.

"మీ హీటరు దినానికి ఇరవై యూనిట్లు గుంజుతున్నది చిన్నమ్మా. ఒక్క యూనిట్ తయారు కావాలంటె పవర్ హౌజుల ముప్పావు కిలో దాక బొగ్గు కాలాలె. అంటే మీ ఒక్క హీటరుకు పదిహేను కిలోలు. పాత పొయ్యిల ఎంత కాలుస్తుండె?"

"ఆరు కిలోలు. సుట్టాలొస్తె ఏడు."

"సూసిండ్రా? దానికి డబలైంది."

సారవ్వ లోపలికి తిరిగి చూసింది. హీటరు మీద పప్పు కుతకుత ఉడుకుతోంది. గోడలు తెల్లగా ఉన్నాయి. "దీనికి పొగే లేదు గద బిడ్డా."

"పొగ రామగుండం గొట్టాలల్లకెల్లి పోతది. లెక్క మీ ఇంటి పేరు మీద పడ్డది. దినానికి ఇరవై కిలోల పైన."

"పదిహేనంటివి, ఇరవై అంటివి?"

"బొగ్గు పదిహేను. దాంట్లకెల్లి వచ్చే గ్యాసు ఇరవై దాటుతది. కిలో బొగ్గు కాలితె ఇంచుమించు కిలోన్నర గ్యాసు వస్తది."

ఇక్కడే సారవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. కిలో కాలిస్తె కిలోన్నర ఎట్లొస్తది? బూడిద గూడ మిగులుతది గద?"

"గాలి కలుస్తది చిన్నమ్మా" అని సంధ్యారాణి లేచింది. ఆమెకు ఆ పూట ఇంకా నాలుగిళ్లు ఉన్నాయి.

ఆ మాట సారవ్వను పట్టుకుని వదల్లేదు. బేరం చేస్తూ చేస్తూ ఆగిపోయేది. అరకిలో టమాట అడిగిన వాళ్లకు కిలో వేసింది. చివరకు ఒక పొద్దున, కొమురెల్లి మొదటి షిఫ్టుకు పోగానే, తరాజు ఇంట్లోకి తెచ్చింది. పెరట్లో పాత గోనెల్లో మిగిలి ఉన్న బొగ్గులోంచి సరిగ్గా ఒక కిలో తూచింది. బకెట్ పొయ్యి దులిపి, ఎన్నో ఏళ్ల తర్వాత వాకిట్లో ముట్టించింది. అంతా కాలి చల్లబడ్డాక బూడిద ఎత్తి తూచింది. పావుకిలోకు కొంచెం పైన. అంటే పోయింది ముప్పావు కిలో కూడా లేదు. మళ్లీ తూచింది. అంతే.

లెక్క తప్పింది చదువుకున్న పిల్ల అయినా అయి ఉండాలి, తన తరాజు అయినా అయి ఉండాలి. తరాజు ఎన్నడూ తప్పలేదు.

కానీ ఒక సంగతి మటుకు ఆమెకు అర్థమైనట్టే అనిపించింది. పాత పొయ్యి ఆరు కిలోలు, హీటరు పదిహేను. అలాంటప్పుడు పాత పొయ్యే మంచిది కదా? ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు దాని మీదే వండింది. నాలుగో నాడు రోడ్డు మీద గోనెపట్టా పరుస్తూనే ఊపిరి అందక కూలబడింది. పోశవ్వే షేర్ ఆటో ఆపి దవాఖానకు తీసుకుపోయింది.

"నీకు ఒకసారి చెప్తే సరిపోదా?" అన్నాడు డాక్టరు.

"హీటరుతోని ఎక్కువ పొగ వస్తదట సార్" అంది సారవ్వ, మాస్కు పక్కకు జరిపి.

డాక్టరు ఆమె వైపు చూశాడు, తర్వాత పోశవ్వ వైపు చూశాడు. "ఈమెకు జ్వరం కూడా ఉందా?" అని నర్సును అడిగాడు.

సంగతి తెలిసి సంధ్యారాణి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ముఖం చిన్నబోయింది. "నేను పాత పొయ్యి పెట్టుమనలేదు చిన్నమ్మా. నా మీద కోపమొచ్చిందా?"

"కోపమేంది బిడ్డా. నాకు సమజయితలేదు, గంతే. ఇగో సూడు" అని మంచం కింద దాచిన బూడిద డబ్బా చూపించింది. "కిలో పెట్టిన. ఇది మిగిలింది. కిలోన్నర ఏడున్నది?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొమురెల్లి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ వింటున్నాడు. "పేరేంది ఆ గాలిది?" అని అడిగాడు.

సంధ్యారాణి పేరు చెప్పింది. కార్బన్ డయాక్సైడ్. కట్టె కాలినా, మనం ఊపిరి వదిలినా వచ్చేది అదే అంది. దాంట్లో దీపం వెలగదు అని కూడా అంది.

కొమురెల్లి కళ్లు పెద్దవయ్యాయి. "అది నాకు ఎరుకే. బొగ్గు తీసి వదిలేసిన పాత సొరంగాలల్ల ఉంటది. మా మీద ఉండే ఓవర్‌మెన్ సేఫ్టీ ల్యాంపు పట్టుకపోయి సూస్తడు. నిలవడి పట్టుకుంటె మంచిగ వెలుగుతది. నేల మీదికి దించంగనే గుప్పున ఆరుతది. బరువు గాలి అది, కిందనే కూసుంటది. దాంట్ల పోతె మనిషి గూడ అంతే."

"కరెక్ట్ కాకా! గాలికి బరువున్నది. బొగ్గుల ఉండే కార్బన్ బయటి గాలిని పట్టుకుంటది, అందుకే బరువెక్కువైతది. చిన్నమ్మ తూచింది తప్పు కాదు. పట్టుకున్న గాలిని తూచలేదు, గంతే."

సారవ్వ ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసింది. పెళ్లై ముప్పై ఏళ్లు దాటింది, కొమురెల్లి బాయిలో ఉండే గాలి గురించి ఆమెతో ఎన్నడూ ఒక ముక్క మాట్లాడలేదు. తను ఇంట్లో మింగిన పొగ, అతను కింద తప్పించుకు తిరిగిన గాలి ఒకే కడుపులోంచి పుట్టినవన్న మాట. ఆ ముక్క ఆమెకు నచ్చింది. కానీ వెంటనే ఇంకో చిక్కు.

"మరి గంత బరువైతె కిందనే కూసోవాలె గద. పైకి పోయి భూమిని ఎట్ల కప్పుతది?"

"ఆ పాత సొరంగాలల్ల గాలి కదలదు చిన్నమ్మా. బయట గాలి ఆడుతది, కలిసిపోతది."

కొమురెల్లి తలాడించాడు. సారవ్వ ఆడించలేదు.

రెండు వేల పదకొండు ఎండాకాలం మొదట్లో కాలనీ కమ్యూనిటీ హాలులో మీటింగు పెట్టారు. సర్వే చేసిన ఇళ్ల వాళ్లందరినీ పిలిచారు. సంధ్యారాణికి పాఠం చెప్పే సారు ఒకాయన వచ్చాడు. భూమికి అందరికంటే తక్కువ చెడుపు చేసిన ఇల్లు ఎవరిదో చెప్పి, ఆ ఇల్లాలికి శాలువా, ప్రెషర్ కుక్కరు ఇస్తామన్నాడు. సారవ్వ వెనక వరుసలో కూర్చుంది. తన పేరు ఎలాగూ రాదని తెలుసు. జాబితాలో ఆమె ఇల్లు అడుగు నుంచి నాలుగోదని సంధ్యారాణి ముందే చెప్పింది. అడుగున ఉన్నది కూలరూ, హీటరూ, నీళ్లు కాచే రాడ్డూ అన్నీ ఉన్న ఇల్లు.

సారు పిలిచిన పేరు పోశవ్వది.

పోశవ్వ ఉండేది క్వార్టర్లలో కాదు. నేలను పైనుంచి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల కింద గుడిసెల్లో. సంధ్యారాణి సర్వే ఆ గుడిసెలకూ పోయింది. మొగుడు చనిపోయి పదేళ్లయింది. గుడిసెకు కరెంటు తీగ రాలేదు. సర్కారు తుమ్మ కంపలు కొట్టుకొచ్చి వండుకుంటుంది. ఎండాకాలమైనా వానాకాలమైనా ఆమె కళ్లు నిప్పు కణికల్లా ఉంటాయి. దగ్గు మొదలైతే బేరం మధ్యలో వదిలేసి పక్కకు పోతుంది. ఆమె భయం భయంగా స్టేజీ ఎక్కింది. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు.

"నేనేం జేసిన సార్?" అంది పోశవ్వ మైకు ముందర.

"నువ్వు కాల్చేది చెట్టుకట్టె. చెట్టు మళ్లీ పెరిగి ఆ పొగను పీల్చుకుంటుంది. అందుకని నీ లెక్క దాదాపు సున్నా" అన్నాడు సారు సంతోషంగా.

పోశవ్వకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా హాలంతా ఎదురుచూసింది. "నేను పీల్చింది లెక్కల రాదా సార్? కుక్కరు మంచిగున్నది. దీన్ని కంపల మీద పెడితె మాడిపోతది. నాకో గ్యాసు పొయ్యి ఇప్పిస్తె మీ శాలువా వాపసు ఇస్త."

కొందరు నవ్వారు. సారు నవ్వలేదు. సంధ్యారాణి చేతిలో కాయితాలు చుట్ట చుట్టుకుంటూ తల దించుకుంది. వెనక వరుసలోంచి సారవ్వ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"నాదొక ముచ్చట సార్. తెల్లటి గోడలున్న నా ఇల్లు చెడ్డదంటిరి. మసివట్టిన పోశవ్వ గుడిసె మంచిదంటిరి. నేను మంచి జేద్దామని పాత పొయ్యి ముట్టిస్తె దవాఖానల పడ్డ. అసలు ఏది జేస్తె మంచిదో ఒక్కటి జెప్పుండ్రి, అది జేస్త."

సారు చాలాసేపు చెప్పాడు. మనిషికి చెడ్డ పొగ వేరు, భూమికి చెడ్డ పొగ వేరు అన్నాడు. రెండూ తగ్గాలంటే సూర్యుడి కరెంటు రావాలన్నాడు. అప్పటిదాకా హీటరు కంటే గ్యాసు నయం, అక్కర లేనప్పుడు ఆర్పడం ఇంకా నయం అన్నాడు. సారవ్వకు చివరి రెండు మాటలే చేతికి దొరికాయి.

ఇంటికొచ్చి మూలనున్న బండ మీది చీర తీసింది. ఆ సాయంత్రమే కొమురెల్లితో దాన్ని సైకిలుకు కట్టించుకుని, స్టవ్వు తను నెత్తిన పెట్టుకుని, పోశవ్వ గుడిసెకు పోయింది.

"ఇది మననే వాడుమన్నరు గదనే సారు?" అని దారి పొడుగునా కొమురెల్లి అడుగుతూనే ఉన్నాడు.

"మనకు దగ్గు లేదు" అంది సారవ్వ.

పోశవ్వ మొదటి వారం అగ్గిపుల్ల గీసి దూరం నుంచి విసిరేది. అంటుకోకపోతే గుడిసె బయటికి పరుగు. సారవ్వ రోజూ పోయి పక్కన నిలబడి నేర్పింది. పది రోజులకు చెయ్యి కుదిరింది. నెలకు కళ్లలో ఎరుపు తగ్గింది. సారవ్వ సంధ్యారాణికి ఫోను చేయించి అడిగింది. "ఆ బండ పొగ ఇప్పుడు ఎవరి పేరు మీద రాస్తరు బిడ్డా?"

"పోశవ్వ పేరు మీద చిన్నమ్మా. ఆమె లెక్క పెరుగుతది."

"మంచిదంటవా, చెడ్డదంటవా?"

"మంచిదే చిన్నమ్మా. నా కాయితంల మాత్రం చెడ్డది లెక్క కనవడుతది."

తన ఇంట్లో సారవ్వ హీటరును వంట కాగానే పీకేయడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి వచ్చేసరికి వేడినీళ్లు లేక కొమురెల్లి అరిచాడు. "నేను కింద తవ్వుడే, నువ్వు పైన ఆర్పుడే. గిదేం కాపురం?" మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు తనే తీగలు దోపి, నీళ్లు కాగాక తనే పీకాడు. లైనులో మిగతా ఇళ్ల హీటర్లు పగలంతా ఎర్రగానే ఉండేవి. సారవ్వ ఆ గుమ్మాల మీదుగా పోతూ లోపలికి తొంగి చూసేది. తనది ఒక్కటి ఆరితే ఏమైనా తగ్గుతుందా, లేక నలుగురిలో పిచ్చిదాన్నే అవుతున్నానా అని అనుమానం. అడిగితే కొమురెల్లి "నాకేం ఎరుక" అనేవాడు.

ఆ ఏడాదే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి. కొమురెల్లి జెండా పట్టుకుని చౌరస్తాలో కూర్చున్నాడు. కొన్నాళ్లకు కరెంటు పోవడం ఎక్కువైంది. హీటరు తీగ నల్లగా పడి ఉంది. కింద టబ్బు కదలకపోతే పైన తీగ ఎర్రబడదని సారవ్వకు మొదటిసారి కంటికి కనపడింది. లైనులో ఆడవాళ్లంతా పాత బకెట్లు వెతికి వాకిళ్లలో ముట్టించారు. పొగ మళ్లీ కమ్ముకుంది. సారవ్వ ముక్కుకు కొంగు కట్టుకుని పోశవ్వ గుడిసెకు పోయి, తాను ఇచ్చిన స్టవ్వు మీదే ఇద్దరికీ సరిపడా వండింది. రాష్ట్రం కోసం కరెంటు లేకున్నా ఫర్వాలేదు అనుకుంది. మరి ఈ రోజుల లెక్క తక్కువ పడిందా, ఈ బకెట్లతో ఎక్కువ పడిందా? ఎవరిని అడగాలో తెలియలేదు.

రెండు వేల పద్నాలుగు మేలో కొమురెల్లి రిటైరయ్యాడు. పూలదండ వేసి, ఫోటో తీసి, ఇంటిదాకా డప్పులతో తెచ్చారు. ఇంకో రెండు రోజుల్లో తెలంగాణ వస్తుందని ఖని అంతా తోరణాలు కడుతున్నారు. సంధ్యారాణి అప్పటికి పెద్దపల్లిలో టీచరు. దండం పెట్టి పోదామని వచ్చింది. చాయ్ తాగుతుండగా కొమురెల్లి ఉన్నట్టుండి అడిగాడు.

"బిడ్డా, ముప్పై నాలుగేండ్లు టబ్బులు నింపిన. ఎన్ని వేల టన్నులైతదో. ఆ పొగంత నా పేరు మీద రాసిండ్రా?"

"లేదు కాకా. తీసినోళ్ల మీద రాయరు. కాల్చినోళ్ల మీద, ఆ కరెంటు వాడుకున్నోళ్ల మీద రాస్తరు. మీది సాఫ్."

కొమురెల్లి ముఖం వెలిగింది, వెంటనే ఏదో తట్టినట్టు ఆగింది. "అంటే నా పేరు మీద అసలు ఏం లేదా?"

సంధ్యారాణి సారవ్వ వైపు చూసింది. సారవ్వ కొమురెల్లి వైపు చూసింది. లేకపోవడం మంచిదని సంతోషపడాలో, ముప్పై నాలుగేళ్లు ఏ కాయితంలోనూ లేకుండా పోయాయని బాధపడాలో అతని ముఖం చూస్తే తెలియడం లేదు. మెడలో దండను ఒకసారి సర్దుకుని, "సరే తియ్" అన్నాడు కొమురెల్లి. చాయ్ గ్లాసు కింద పెడుతూ, "రాసినా బాగుండు" అన్నాడు. బయట డప్పులవాళ్లు అన్నం కోసం ఎదురుచూస్తున్నారు. సారవ్వ లేచి విస్తర్లు తీసింది.